ఆఫీసరు గారి భోజనం

మా మనవరాలి కుందేలుకు అరటిపండు పెట్టింది నేనే. ఆ మాట డాక్టరమ్మ ముందు ఒప్పుకోవడానికి నాకు పావుగంట పట్టింది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, వెనక బెంచీ వాళ్ళ చేత ఎన్నో నేరాలు ఒప్పించినదాన్ని, కొండాపూర్‌లో ఒక చిన్న జంతువుల క్లినిక్‌లో గోడ మీది కుక్కపిల్ల బొమ్మను చూస్తూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. బుట్టలో లడ్డు ఉంది. లడ్డు అంటే మా ఆద్య కుందేలు. ఒళ్ళంతా తెలుపు, చెవుల చివర్లు మాత్రం బూడిదరంగు. ముందురోజు దాకా సోఫా కింది నుంచి మంచం కిందికి పరుగులు తీసిన ప్రాణి, ఆ పొద్దుటి నుంచి నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి లాక్కుని, కళ్ళు సగం మూసి, పళ్ళు కొరుకుతూ ఉండిపోయింది. తినదు, తాగదు, కదలదు. ఎనిమిదేళ్ళ ఆద్య బుట్ట మీద వేసిన చెయ్యి తియ్యలేదు. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి స్వాతి, ఒక చెవిలో ఆఫీసు మీటింగు పెట్టుకుని రెండో చెవిని డాక్టరమ్మకు ఇచ్చింది.

"ఏం పెడుతున్నరు దీనికి?" అని అడిగింది డాక్టరమ్మ. చిన్న వయసే గానీ మనిషిలో తొందర లేదు.

"పెల్లెట్స్ అండి. మంచి రకమే. గిన్నె ఎప్పుడూ ఖాళీ అవదు, అయిపోవస్తే ఫోనే గుర్తు చేస్తుంది," అంది స్వాతి, మెచ్చుకుంటారేమోనన్నట్టు.

"ఇంకేం పెడ్తరు?"

"ఇంకేం లేదండి."

డాక్టరమ్మ లడ్డు పొట్ట మీద వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది. "ఇంకేదో పెట్టిండ్రు," అంది, ఎవరి వైపూ చూడకుండా.

గోడ మీది కుక్కపిల్ల నన్నే చూస్తున్నట్టనిపించింది. "నేనే," అన్నాను. "రోజూ ఒక అరటిపండు ముక్క. ఒక్కోసారి బిస్కెట్టు. మొన్న కొంచెం పెరుగన్నం."

స్వాతి చెవిలోంచి మీటింగు తీసేసింది. ఆద్య తలెత్తి నన్నొకసారి చూసి మళ్ళీ బుట్ట వైపు తిరిగిపోయింది. ఆ క్షణం నుంచి నాతో మాటలు బంద్.

డాక్టరమ్మ మాత్రం నన్నొక్కదాన్నే బోనెక్కించలేదు. "పెల్లెట్ల గిన్నె నింపి పెట్టుడు కూడా తప్పే మేడం," అంది స్వాతితో. "దీని అసలు తిండి గడ్డి. ఎండుగడ్డి ఎంత తింటే అంత ముందర ఉండాలె. దాని మీద రెండు గుప్పెళ్ళ ఆకుకూర. పెల్లెట్లు రోజుకొక చెంచా, మెల్లమెల్లగ అదీ తగ్గించొచ్చు. గడ్డి మంచిగ తింటున్నదంటే అవి లేకున్నా ఫికర్ లేదు. అన్నం, బిస్కెట్ల జోలికి అస్సలు పోవద్దు. దీని పళ్ళు పెరుగుతనే ఉంటయి, గడ్డి నమిల్తెనే అరుగుతయి. కడుపు నడవాలన్నా గడ్డే." ఒక సూది వేసి, నోట్లోకి మందు ఎక్కించడం చూపించింది. "సాయంత్రం వరకు ఏమన్న తినాలె, పెంటికలు వెయ్యాలె. వెయ్యలేదంటే మళ్ళ తీస్కరండి. ఆలస్యం చేస్తే కుందేళ్ళు ఆగవు."

ఆ చివరి మాట విని ఆద్య పెదవులు బిగబట్టింది. కారులో ఇంటికి వస్తున్నంతసేపూ లడ్డు బుట్ట మా ఇద్దరి మధ్య ఉంది. అది పోతే ఈ పిల్ల జన్మలో నన్ను క్షమించదని నాకు అర్థమైంది. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు.

ఇందులో సిగ్గుచేటు ఏమిటంటే, ఇదంతా నాకు ముందే తెలుసు. ఆ డాక్టరమ్మ చెప్పిన మాటల్లో సూది మందు సంగతి తప్ప మిగతావన్నీ నాకు పదేళ్ళప్పుడే మదీనాగూడలో, మాకు పాలు పోసే బాలమ్మ నోట విన్నాను. మరి తెలిసి తెలిసి అరటిపండు ఎందుకు పెట్టానంటే, అది చెప్పడానికి మా నాయనమ్మ సంగతి చెప్పాలి. నాయనమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆఫీసరు గారి సంగతి చెప్పాలి.

స్వాతి వాళ్ళ ఫ్లాటు రాయదుర్గంలో, పంతొమ్మిదో అంతస్తులో. అక్కడి బాల్కనీలో నిలబడితే మా మదీనాగూడ ఎటువైపో వేలు పెట్టి చూపించగలను గానీ మేమున్న ఇంటి జాడ చెప్పలేను. అప్పుడక్కడ బొంబాయి రోడ్డు పక్కన పది పదిహేను ఇళ్ళుండేవి. మిగతాదంతా బండలు, జొన్నచేలు, దూరంగా ద్రాక్షతోటలు. మాది రెండు గదుల అద్దె పెంకుటిల్లు, ఇంటికి మూడింతల దొడ్డి. నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, పట్నం మధ్యలో ఇల్లు దొరక్క, ఊరి చివరికంటే చివర మమ్మల్ని దించాడు. పొద్దున బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే లారీల దుమ్ముకు ఆయన తెల్లచొక్కా ఆఫీసు చేరకముందే రంగు మారేది. ఇంట్లో తెల్లవారడమంటే లారీ హారను, బాలమ్మ పాలచెంబు చప్పుడు, అమ్మ కాఫీ గింజలు వేయించే వాసన. వాన పడితే బండల మీంచి ఒక రకమైన వేడి వాసన లేచేది. ఇప్పటికీ ఆ వాసన నాకు ఎక్కడ తగిలినా కడుపులో ఆకలి పుడుతుంది. అప్పుడు వాన పడగానే అమ్మ పునుకులు వేసేది కనక కాబోలు.

తాతయ్య పోయాక నాయనమ్మ మా దగ్గరికి వచ్చింది. నాలుగు నెలలుండి ఊళ్ళో పెదనాన్న దగ్గరికి వెళ్ళిపోతానని గుమ్మంలోనే చెప్పి మరీ కాలు లోపల పెట్టింది. ఆవిడ రేకుపెట్టె మంచం కిందే ఉండేది. చీరలు తీసి కట్టుకోవడం, ఉతికి మళ్ళీ అందులోనే పెట్టుకోవడం. మా అలమరలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చినా వాడుకోలేదు. ఊళ్ళో ఆవిడ చేతి వంటకు పేరుండేది. వంట కన్నా వడ్డనకు ఇంకా పేరు. విస్తరి ముందు కూర్చున్నవాడు రెండు చేతులూ అడ్డం పెట్టినా ఆ వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పొయ్యగల మనిషి. అలాంటి మనిషిని మా అమ్మ వంటింట్లోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. కోపంతో కాదు, మర్యాదతో. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేనున్నాను కదా," అనేది. నాయనమ్మ కూర్చునేది. పొద్దున కూర్చుని, మధ్యాహ్నం కూర్చుని, సాయంత్రం అరుగు మీదికి మారి కూర్చుని, రోడ్డు మీద ఎన్ని లారీలు వెళ్ళాయో రాత్రి భోజనాల దగ్గర చెప్పేది. అమ్మ మర్యాదే ఆవిడకు పెద్ద శిక్ష అయిందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజుల్లోనే నాన్న ఒక సాయంత్రం కూరల సంచీతో ఇంటికొచ్చి, సంచీని కింద పెట్టకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. సంచీలోంచి రెండు తెల్లటి చెవులు బయటికొచ్చాయి. ఆయన పై ఆఫీసరుకు దూరం బదిలీ అయిందట. పిల్లలు పెంచుకుంటున్న కుందేలును ఎవరికైనా ఇవ్వాలంటే, మదీనాగూడలో దొడ్డి ఉన్న గుమాస్తా గుర్తొచ్చాడట. ఆఫీసరు ఇస్తుంటే కాదనడం నాన్న సర్వీసులో లేదు. మూడు బస్సులు మారి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మొదటిరోజు నుంచీ ఆ కుందేలును ఆయన ఆఫీసరు గారనే పిలిచాడు. అది గదిలో ఉంటే పేపరు కూడా చప్పుడు చెయ్యకుండా తిప్పేవాడు. నెల తిరక్కుండా మా అందరికీ అదే పేరు నోట్లో నలిగిపోయింది. "ఆఫీసరు గారు భోంచేశారా" అని అమ్మ అడగడం, "ఇప్పుడే కునుకు తీస్తున్నారు" అని నేను చెప్పడం.

కుందేలుతోపాటు ఒక కాగితపు సంచీలో దాని మేత కూడా వచ్చింది. గోధుమరంగు పెల్లెట్లు. నాయనమ్మ ఒకదాన్ని అరచేతిలో వేసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, వాసన చూసి, "ఇవేంట్రా, మాత్రల్లా ఉన్నాయి. ఇంటికొచ్చిన ప్రాణికి మాత్రలు పెడతామా?" అంది. ఆ సంచీ వారం తిరక్కుండా అయిపోయింది. అలాంటివి ఎక్కడ దొరుకుతాయో అడగడానికి ఆఫీసరు ఊళ్ళో లేడు. మర్నాడు పొద్దున నాయనమ్మ అరుగు మీంచి లేచింది. అమ్మ వంటిల్లు అమ్మదే గానీ, దొడ్లో కుందేలు ఎవరిదీ కాదు కదా. చిన్న గిన్నెలో పప్పన్నం కలిపి, నెయ్యి చుక్క వేసి, ముద్దలు చేసి దొడ్లోకి పట్టుకెళ్ళింది. ఆఫీసరు గారు మొదట మూతి తిప్పుకున్నారు. నాయనమ్మ ఊరుకుంటుందా. "ఒక్క ముద్ద నాయనా, ఈ ఒక్కటీ," అని బతిమాలి తినిపించింది. వారానికల్లా గిన్నె చప్పుడు వింటే చాలు ఆఫీసరు గారు వెనక్కాళ్ళ మీద నిలబడేవారు. లారీలు లెక్కపెట్టేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఇక్కడ మా వంశ లక్షణం ఒకటి చెప్పాలి. మా వైపు ఇళ్ళల్లో, ఎవరైనా తింటున్నారంటే ఇంకొంచెం తినగలరని అర్థం. పెట్టడం అయిపోయిందని ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎవరి వంతు వాళ్ళు పెట్టుకుంటూ పోతారు. నాన్న పొద్దున టీ తాగుతూ బిస్కెట్టు ముంచి ఆఫీసరు గారికి అందించేవాడు. అమ్మ తనకేం పట్టనట్టే ఉండి, కొబ్బరి కోరుతున్నప్పుడు ఒక ముక్క కిటికీలోంచి విసిరేది. నేను స్కూలు నుంచి రాగానే జేబులో దాచిన పుట్నాలూ బెల్లమూ పెట్టేదాన్ని. మధ్యమధ్య నాయనమ్మ ముద్దలు ఉండనే ఉన్నాయి. నలుగురం నాలుగు వేళల్లో, ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళం, పాపం దానికి సరిగ్గా తిండి పెట్టేది నేనొక్కదాన్నే అనుకున్నాం. ఆఫీసరు గారు నున్నగా, గుండ్రంగా తయారయ్యారు. వాళ్ళ పాత ఇంట్లో కన్నా మా ఇంట్లో పుంజుకుందని నాన్న ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాడట కూడా.

తొలకరి పడ్డ రెండు వారాలకు ఒక పొద్దున ఆఫీసరు గారు గిన్నె చప్పుడుకు లేవలేదు. దొడ్లో మూలకు, గోడకేసి ముఖం పెట్టి కూర్చున్నారు. నాయనమ్మ నీరసమనుకుని అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది. అమ్మ కొబ్బరి ముక్క రెండింతలు చేసింది. ఎవరేం పెట్టినా ముట్టలేదు. పళ్ళు కొరికే చప్పుడు మాత్రం వినిపించేది. ఎక్కడా ఒక్క పెంటిక లేదని నేను చెప్పబోతే, మడి కట్టుకున్న నాయనమ్మ ముందు ఆ మాట అనకూడదని అమ్మ కసిరింది.

అప్పుడే బాలమ్మ పాలు తెచ్చింది. రెండు బర్రెలు, నాలుగు మేకల మనిషి. బలంగా, నల్లగా, నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల పెట్టుకుని ఉండేది. చెంబు కింద పెట్టి, ఆఫీసరు గారిని ఒళ్ళోకి తీసుకుని, పొట్ట తడిమి చూసింది. "ఏం పెట్టిండ్రు దీనికి?" అంది.

"ఏముంది బాలమ్మా, ఇంట్లో మేం తినేదే," అంది అమ్మ.

"అట్ల గాదు. ఒక్కొక్కరు చెప్పుండ్రి."

దొడ్లో, బాదం చెట్టు కింద, బాలమ్మ ముందు మేం నలుగురం నిలబడ్డాం. నాన్న స్నానం మధ్యలోంచి తువ్వాలుతో వచ్చి బిస్కెట్ల సంగతి ఒప్పుకున్నాడు. అమ్మ కొబ్బరి దగ్గర మొదలుపెట్టి, బాలమ్మ అలాగే చూస్తుంటే పునుకుల దాకా వచ్చింది. నేను పుట్నాలు చెప్పాను. "మూతికి చీమలెందుకు పడుతున్నయి?" అని బాలమ్మ అడిగాక బెల్లం కూడా చెప్పాను. ఒక్కొక్కరు ఒప్పుకుంటుంటే మిగతా ముగ్గురం "అమ్మో, నువ్వు కూడానా" అన్నట్టు చూసుకున్నాం. చివరికి నాయనమ్మ, "మూడు పూటలా పప్పన్నం పెట్టానమ్మా. రాత్రికి పెరుగన్నం. తప్పా?" అంది.

"ఇది కుందేలు పెద్దమ్మా, పెండ్లికొచ్చిన చుట్టం గాదు," అంది బాలమ్మ. "గడ్డి తినే కడుపు ఇది. అన్నం తింటే లోపల పులుస్తది, ఆగిపోతది. ఇగ మీరెవ్వరు దీనికి ఏం పెట్టొద్దు. గరిక ముందర పెట్టుండ్రి, నీళ్ళు తాపుండ్రి, పొట్ట మెల్లగ రాయుండ్రి, జర నడిపియ్యుండ్రి. బతికితే బతుకుతది."

బతికితే అన్న మాటకు నేను ఏడుపు లంకించుకున్నాను. నాయనమ్మ ఏడవలేదు. గిన్నె కడిగి బోర్లించి, లోపలికెళ్ళి, మంచం కింది నుంచి రేకుపెట్టె బయటికి లాగింది. నాన్నను పిలిచి, "టికెట్టు తీయించరా, ఈ వారంలోనే వెళ్ళిపోతాను," అంది. ఎందుకమ్మా అంటే, "నా చేత్తో పెట్టిందే దానికి విషమైంది. ఇంక ఈ చెయ్యి ఎందుకు," అంది. నాన్న తువ్వాలుతోనే అక్కడ నిలబడిపోయాడు. ఒకే పూటలో కుందేలూ పోయేలా ఉంది, నాయనమ్మా పోయేలా ఉంది. నాకు రాత్రి కథలు చెప్పేది ఆవిడ, జడ వేసేది ఆవిడ, అమ్మ కొట్టబోతే నాకు అడ్డొచ్చేది ఆవిడ. ఆవిడ లేని మదీనాగూడలో నాకు బండలూ లారీలే మిగులుతాయి. కుందేలును బతికిస్తే నాయనమ్మ ఉండిపోతుందని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. బడి ఎగ్గొట్టి బాలమ్మ వెనకాల గడ్డికి పోయాను.

బాలమ్మకు గడ్డి అంటే ఒకటి కాదు. గరిక వేరు, తుంగ వేరు. "గరిక ఎంతన్న తిననీ," అనేది. "గునుగు ఆకు కొంచెం. గన్నేరు, ఉమ్మెత్త దగ్గరికి పోకు, పానం తీస్తయి. లేత జొన్న మా బర్రెలే తినొద్దు, ఇగ ఇదెంత." తెల్లపూల మొక్కను పీకబోతే నా చేతి మీద ఒక్కటేసింది. "వయ్యారిభామ అది. దాన్ని ముట్టుకుంటే నీకే దురద." లారీల పొగ తగిలే రోడ్డు వార గడ్డి కొయ్యనిచ్చేది కాదు. ఆ మధ్యాహ్నం నేను ఒక సంచీడు గరిక తెచ్చి, కడిగి, నీళ్ళు విదిలించి, ఆఫీసరు గారి ముందు పరిచాను. ఆయన చూడలేదు. నా చేత్తో అందిస్తే చూడలేదు. బాలమ్మ అందిస్తే తల తిప్పుకున్నారు.

"పెద్దమ్మా, నువ్వు రా," అని పిలిచింది బాలమ్మ. "నీ చేతికి మరిగింది అది."

నాయనమ్మ గుమ్మం దాటలేదు. "నా చెయ్యి వద్దమ్మా."

"చెయ్యేం జేసింది? చేతిల పెట్టింది తప్పు గని. రా, కూసో."

నాయనమ్మ వచ్చి కూర్చుంది. గరికపోచ ఒకటి తీసి ఆఫీసరు గారి మూతి దగ్గర పట్టుకుంది. అలవాటు కొద్దీ "ఈ ఒక్కటీ నాయనా" అంది. ఆయన ముక్కు కదిలింది. పోచ కొస నోట్లోకి పోయింది. తర్వాత ఇంకో వేలెడు. మేమంతా ఊపిరి బిగబట్టి, ఒక గడ్డిపోచ ఒక కుందేలు నోట్లోకి పోవడం చూశాం. అంత శ్రద్ధగా నేను తర్వాత మా పిల్లల పరీక్షా ఫలితాలు కూడా చూడలేదు.

అయినా గండం గడవలేదని బాలమ్మ చెప్పింది, పెంటిక పడాలి. మర్నాడు పొద్దున నేనింకా పక్క మీద ఉండగానే దొడ్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. తడి చీరతో, మడితో, పక్కింటివాళ్ళ నీడ పడితే మళ్ళీ స్నానం చేసే మనిషి, గోడ మూల మోకాళ్ళ మీద కూర్చుని, "వేశారే, వేశారు, ఇక్కడ నాలుగు, అదిగో అక్కడ ఇంకో రెండు," అని వేలితో లెక్కపెడుతోంది. నాన్న వెళ్ళి చూశాడు. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. బాలమ్మ పాలచెంబుతో వచ్చి చూసి, నోట్లో పుల్ల తీసి నవ్వింది. నాయనమ్మ మళ్ళీ స్నానానికి వెళ్తూ నీళ్ళగదిలో పాట ఎత్తుకుంది. తాతయ్య పోయాక ఆవిడ పాడగా వినడం అదే మొదలు.

అయినా రేకుపెట్టె మంచం కిందికి పోలేదు. టికెట్టు మాట అలాగే ఉంది. తేల్చింది వానలే. రోజూ తడిగడ్డి పెడితే మళ్ళీ కడుపు చెడుతుందని, బూజు పట్టినదైతే అసలుకే మోసమని, గరిక ఎండబెట్టి దాచుకోవాలని బాలమ్మ చెప్పింది. ఎండబెట్టడమన్న మాట వినేసరికి నాయనమ్మ వెన్ను నిటారైంది. గుమ్మడి వడియాలూ మాగాయ ముక్కలూ చల్లమిరపకాయలూ ఎండబెట్టి ఊరంతటికీ పంచిన మనిషి. పాత చీర నాలుగు కొసలకూ రాళ్ళు పెట్టి, గరికను వేళ్ళతో విడదీసి, పోచ మీద పోచ పడకుండా పరిచేది. ఎండ పక్కకు జరిగితే చీరా జరిగేది. మబ్బు కనిపిస్తే, "ఏమే, గడ్డి, గడ్డి," అని కేకేసేది, అమ్మ పొయ్యి వదిలి పరుగెత్తేది. ఆ ఇంట్లో నాయనమ్మ అమ్మకు పని చెప్పడం అప్పుడే మొదలు. సాయంత్రం ఒక పోచ తీసి చెవి దగ్గర విరిచి, చప్పుడు విని, "ఇంకా ఒక ఎండ కావాలి," అనేది. నాలుగు రోజులకు పచ్చరంగు పోకుండా, కమ్మటి వాసనతో ఎండుగడ్డి తయారైంది. ఎలుకలు చేరకుండా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఇంట్లో మూత గట్టిగా పడేది ఒక్కటే ఉంది. నాయనమ్మ తన చీరలన్నీ తీసి అలమరలో మా అమ్మ ఎప్పుడో ఖాళీ చేసిన అరలో సర్దుకుని, రేకుపెట్టె నిండా గడ్డి నింపింది. నాన్న టికెట్టు సంగతి ఎత్తితే, "పెట్టె ఖాళీ లేదురా," అంది. ఆ పెట్టె తర్వాత ఎన్నడూ ఖాళీ కాలేదు. ఆఫీసరు గారు గడ్డీ, ముల్లంగి ఆకూ, కొత్తిమీర కాడలూ తిని మాతో ఏడేళ్ళున్నారు. నాయనమ్మ పద్నాలుగేళ్ళుంది.

ఇప్పుడు లెక్క చూసుకుంటే, అప్పుడు గడ్డికి కొదవ లేదు, తెలివికి కొదవ. ఇప్పుడు తెలివి ఫోన్‌లో కావలసినంత ఉంది, గడ్డి లేదు. దసరా సెలవులకు ఆద్యను చూసుకోమని స్వాతి నన్ను బాచుపల్లి నుంచి పిలిపించింది. వచ్చాక వంటకు వంటమనిషి ఉంది, గిన్నెలకు మిషను ఉంది, ఇల్లు ఊడ్చడానికి గుండ్రటి చక్రమొకటి తనంతట తనే తిరుగుతుంది. నేను లేవబోతే చాలు, "నువ్వు కూర్చో అమ్మా," అంటుంది స్వాతి. కూర్చున్నాను. ఎదుటి అద్దాల మేడల్లో ఎన్ని దీపాలున్నాయో లెక్కపెట్టాను. ఆ ఇంట్లో నా చేతి నుంచి ఏమైనా పుచ్చుకునేది లడ్డు ఒక్కటే. అరటిపండు తొక్క చప్పుడు వింటే వెనక్కాళ్ళ మీద నిలబడేది. నా పదేళ్ళ వయసులో నాయనమ్మను చూసి నవ్వుకున్నాను గానీ, ఆవిడ ఎందుకు పెట్టిందో నాకు అరవై మూడేళ్ళకు గానీ తెలియలేదు. తెలిసేసరికి ఒక ప్రాణం మీదికి తెచ్చాను.

క్లినిక్ నుంచి రాగానే స్వాతి ఫోన్‌లో ఎండుగడ్డి తెప్పించింది. ఏదో చల్లటి దేశంలో పెరిగి, ఓడెక్కి, ప్లాస్టిక్ సంచీలో వచ్చిన గడ్డి. మంచిదే, వాసన కూడా బాగుంది. లడ్డు దాన్ని కన్నెత్తి చూడలేదు. మూడు గంటలప్పుడు సంచీ పట్టుకుని నేను కిందికి దిగాను. చెప్పులేసుకుని ఆద్య కూడా వెనకాలే వచ్చింది, మాట మాత్రం లేదు. అపార్ట్‌మెంట్ లాను పచ్చగా మెరుస్తోంది. వంగబోతే సెక్యూరిటీ ఆయన వచ్చి, "దాన్ని ముట్టకుండ్రి అమ్మా, నిన్ననే పురుగుమందు కొట్టిన్రు. కుందేలుకా? వెనక ప్లాట్ల చూడుండ్రి, అక్కడ మందుల్లేవు," అన్నాడు. రెండు టవర్ల మధ్య, ఇంకా ఏమీ కట్టని స్థలం. చుట్టూ పాతిన రేకుల సందులోంచి దూరి వెళ్తే, వానలకు మోకాలెత్తు పెరిగిన పిచ్చిమొక్కల కింద గరిక ఉంది. నా మోకాళ్ళు కటకటమంటుంటే కూర్చుని పీకడం మొదలుపెట్టాను.

కొంచెం సేపటికి నా పక్కన ఒక చిన్న చెయ్యి తెల్లపూల మొక్క దగ్గర ఆగింది. "ఇది పెట్టొచ్చా?" అంది ఆద్య. పొద్దుటి నుంచి నాతో అన్న మొదటి మాట.

"వద్దు తల్లీ, దురద. ఇదిగో, ఇలా నేలకు పాకేది, కణుపు కణుపుకూ వేళ్ళుండేది, అది కొయ్యి."

ఆద్య కోసింది. ఇంటికొచ్చి కడిగింది, నీళ్ళు విదిలించింది. లడ్డు ముందు బోర్లా పడుకుని ఒక్కో పోచా ముక్కు దగ్గర పెట్టింది. నన్ను పెట్టనివ్వలేదు. నేను అడగలేదు. నాలుగో పోచకు లడ్డు ముక్కు కదిలింది. అరగంటకు అది పోచ తర్వాత పోచ నమిలే చప్పుడు గదంతా వినిపించింది. చీకటి పడకముందే మంచం కింద పెంటికలు కనిపించాయి. ఆద్య వాళ్ళమ్మ మీటింగులో ఉన్న గదిలోకి దూసుకెళ్ళి ఆ సంగతి ప్రకటించింది. మైకు ఆపి లేదట. అవతల పదిమంది చప్పట్లు కొట్టారని స్వాతి తర్వాత చెప్పింది.

భోజనాలయ్యాక ఆద్య వచ్చి నా ముందు నిలబడింది. నడుం మీద చేతులున్నాయి. "అమ్మమ్మా, బనానా పెట్టినందుకు నీకు పనిష్మెంట్."

"వెయ్యి."

"గడ్డి డ్యూటీ నీదే. తేవాలి, కడగాలి, ఎండబెట్టాలి. నేను హెల్ప్ చేస్తా, కానీ డ్యూటీ నీది."

"సెలవులయ్యేదాకానా?"

"కాదు. లడ్డు ఉన్నన్ని రోజులు."

స్వాతి ఫోన్‌లో చూసి చెప్పింది. సరిగ్గా మేపితే కుందేళ్ళు పదేళ్ళ దాకా బతుకుతాయట, లడ్డుకు ఇప్పుడు ఏడాది. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. డెబ్బై రెండేళ్ళ దాకా నాకు పనుంది. మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తకుండా సరేనన్నాను.